బీరువాలో పెట్టిన వైఫై

టీవీల పనిలోకి కొత్తగా దిగుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కనబడినప్పుడల్లా నన్ను ఒకటే అడుగుతారు. ఇన్నేళ్ళ సర్వీసులో మిమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ ఏడిపించిన ఇన్‌స్టలేషన్ ఏదని. నేను ఏ పెద్ద హోటల్ గురించో, ఏ మంత్రిగారి బంగళా గురించో చెబుతానని వాళ్ళ ఆశ. నేను మాత్రం మధురానగర్‌లో ఒక దర్జీల ఇంటి సంగతి చెబుతాను. విన్నవాళ్ళు మొదట నవ్వుతారు, తర్వాత "నిజమేనా సార్" అంటారు. నిజమే. అబద్ధం చెప్పాలంటే ఇంతకంటే నమ్మేలా చెప్పేవాణ్ణి.

మా సర్వీస్ సెంటర్ పంజగుట్టలో ఉండేది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో టీవీకి వెనకాల ఇంత పొట్ట ఉండేది. డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతుంటే కిందనుంచి ఇంటిల్లిపాదీ "వచ్చింది, వచ్చింది, పోయింది" అని అరిచేవాళ్ళు. బొమ్మ రాకపోతే తప్పు గాలిదో, కాకిదో అయ్యేది. ఎవరినీ నొప్పించే పనే లేదు. రిటైరయ్యే నాటికి టీవీ పలకంత పలచనైంది, డాబా ఎక్కే బాధ తప్పింది. దాని బదులు టీవీని ఇంటివాళ్ళ వైఫైకి కలిపే పని వచ్చిపడింది.

కలపడానికేముంది, పేరు నొక్కి పాస్‌వర్డ్ కొట్టడమే కదా అని మీరనుకుంటారు. ట్రైనింగ్‌లో నాకూ అలాగే చెప్పారు. పాస్‌వర్డ్ కోడలికి తెలుసు, అత్తగారికి తెలియకూడదు, ఇద్దరూ నా పక్కనే నిలబడి ఉంటారు, అలాంటి ఇళ్ళు చూశాను. కొడుకు పరీక్షలని పాస్‌వర్డ్ మార్చి, ఎవరికీ చెప్పకుండా దాచి, చివరికి తానే మరిచిపోయిన తండ్రి ఒకాయన నన్ను వీధి మలుపు దాకా తీసుకెళ్ళి "జర చూడండి, ఇంట్ల తెల్వొద్దు" అని బతిమాలాడు. వైఫై పాస్‌వర్డ్ అడగడమంటే ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో అడగడమే. అందుకని మెత్తగా అడగడం నేర్చుకోండి.

ఇక ఆ రోజు సంగతి. పెళ్ళిళ్ళ కాలం, ఆదివారం. పొద్దున్నే రెండు ఇళ్ళు పూర్తి చేసి, నేనూ మా భాయ్ మధురానగర్ చేరాం. భాయ్ అంటే గోడకు టీవీలు బిగించే మనిషి. డ్రిల్లింగ్ మిషను చేతిలో ఉంటే ఆయనకు ఇంకేమీ అక్కర్లేదు, అది లేకపోతే మాత్రం ఏం చేయాలో తోచదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే సగం కొంప దానివల్లే మునిగింది.

ఆ ఇంటివాళ్ళు మగ్గాల ఊరి నుంచి వచ్చి, అమీర్‌పేటలో జాకెట్లు కుట్టే దుకాణం పెట్టుకున్నవాళ్ళు. మేం వెళ్ళేసరికి ఇంట్లో ముగ్గురే ఉన్నారు. ఒక బాలింత, ఆమె పక్కన పొత్తిళ్ళలో పసిపిల్ల, ఇద్దరినీ కనిపెట్టుకుని ఉన్న మేనత్త. మిగతా అందరూ బేగంపేటలో ఫంక్షన్ హాల్లో ఉన్నారు. ఎందుకంటే ఆ రోజు బాలింత చెల్లెలి పెళ్ళి.

విషయం ఏమిటంటే, పెళ్ళి ఎప్పుడో కుదిరింది. అక్క కాన్పు ఆ తర్వాత కావాల్సింది. పిల్ల తొందరపడి ముందే వచ్చేసింది. పురిటి స్నానం కాకుండా బాలింత గడప దాటకూడదు, పందిట్లో అడుగు పెట్టకూడదు. అక్క లేకుండా పీటల మీద కూర్చోనని చెల్లెలు ఏడ్చింది. అక్క లోపల గదిలో ఏడ్చింది. వీళ్ళ తమ్ముడు తెలివిగలవాడు, పెళ్ళి ఫోటోలు తీసేవాళ్ళతో మాట్లాడి, పెళ్ళి మొత్తం ఇంటర్నెట్‌లో లైవ్ వచ్చేటట్టు ఏర్పాటు చేశాడు. ఫోన్‌లో చూడొచ్చు కదా అంటారా? బాలింత ఫోన్ చూస్తే కళ్ళు పోతాయని వాళ్ళమ్మ ఆ ఫోన్ తన సంచిలో వేసుకుని పెళ్ళికి పట్టుకుపోయింది. అందుకని కొత్త స్మార్ట్ టీవీ కొన్నారు, దూరం నుంచి చూస్తే కళ్ళకు ఏమీ కాదని పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు.

మేం కాళ్ళు చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళాం. భాయ్ డ్రిల్లింగ్ మిషను తీశాడో లేదో మేనత్త అడ్డం నిలబడింది.

"ఏం కొడుకా, పసిపిల్ల పండుకుంటే గా మిషన్ పెడ్తవా? పిల్ల దడుసుకుంటే ఎవరు చూస్తరు?"

"గోడకు బిగించాలె కదా అమ్మా."

"గోడ గీడ వద్దు. గీ కుట్టు మిషన్ మీద పెట్టు."

టీవీని కుట్టు మిషను బల్ల మీద నిలబెట్టాం. చేతిలో పని లేకుండా పోయిన భాయ్ వరండాలో కూర్చుని ఫోన్‌లో క్రికెట్ పెట్టుకున్నాడు. మేనత్త టీవీకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, అగరొత్తి తిప్పింది. నేను రిమోట్ నొక్కాను. ఏమీ కాలేదు. బ్యాటరీలు మార్చాను, మళ్ళీ నొక్కాను, అయినా ఏమీ కాలేదు. పంజగుట్టలో మా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేశాను. ఆయన కోస్తా మనిషి, ఎంతో మర్యాదస్తుడు, ఏ సమస్యకైనా ఒకే మందు ఇచ్చేవాడు.

"ఏంటండీ, ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేశారా?"

చేశాను. తర్వాత వంగి చూస్తే, రిమోట్ వెలుగు పడాల్సిన చిన్న కన్ను మీద సరిగ్గా నడిబొట్టు కూర్చుంది. దణ్ణం పెట్టి, ఆ ఒక్క బొట్టు పక్కకు జరుపుతానని మేనత్తను ఒప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

టీవీ వెలిగింది. బాలింత మంచం మీద దిండుకు ఆనుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని, కొత్త చీర కట్టుకుని కూర్చుంది. పక్కన పళ్ళెంలో అక్షింతలు.

"అన్నా, లగ్గం టైముకు వస్తది కదా?"

"ఫికర్ చేయకు చెల్లె. గిదెంత పని."

ఆ మాట ఎందుకన్నానో. వైఫై లిస్టులో వాళ్ళ పేరు కనబడింది, పాస్‌వర్డ్ ఆమెకు కంఠతా వచ్చు, కొట్టాను. కలిసింది, వెంటనే పోయింది. మళ్ళీ కొట్టాను. ఈసారి లిస్టులో ఆ పేరే లేదు. కాసేపటికి ఊపిరి పోతున్నవాడిలాగా ఒకసారి తొంగి చూసి మళ్ళీ మాయమైంది. సూపర్‌వైజర్‌కు చేశాను. ఆఫ్ చేసి ఆన్ చేయమన్నాడు. చేశాను.

సరే, ఫోన్ నుంచి నెట్ ఇద్దామంటే నాది పొద్దున రెండు ఇళ్ళల్లో టీవీల అప్‌డేట్లకే అయిపోయింది. భాయ్‌ని పిలిచాను. ఆయన ఫోన్‌తో కలపగానే తెర మీద పెళ్ళిపందిరి కనబడింది, బాలింత "అగో!" అని లేవబోయింది, అంతలో గుండ్రంగా చక్రం తిరగడం మొదలైంది. భాయ్ డేటా మొత్తం క్రికెట్ తినేసింది.

"ఎన్ని ఓవర్లు చూసినవ్ భాయ్?"

"మ్యాచ్ మస్తు టైట్ ఉండె అన్నా," అన్నాడు తలొంచుకుని.

సూపర్‌వైజర్‌ను రీచార్జ్ చేయించమని అడిగితే "దానికి అప్రూవల్ కావాలండి, సోమవారం అడుగుతా" అన్నాడు. పెళ్ళివాళ్ళు సోమవారం దాకా ఆగరని చెప్పి పెట్టేశాను.

అసలు ఆ వైఫై డబ్బా ఎక్కడుందో చూద్దామని గోడలోంచి వచ్చిన వైరు పట్టుకుని బయల్దేరాను. నా ఉద్యోగంలో ఆ డబ్బాను ఫ్రిజ్ మీద చూశాను, దేవుడి పటాల వెనక చూశాను, ఒకరింట్లో ఊరగాయ జాడీల మధ్య కూడా చూశాను. ఇక్కడ వైరు ముందు గదిలోకి పోయి, అక్కడి ఇనుప బీరువా తలుపు సందులోంచి లోపలికి దూరింది. బీరువాకు తాళం.

తాళంచెవి పెళ్ళికూతురి తల్లి దగ్గరే ఉందని మేనత్త చెప్పింది. మేనత్త దగ్గర మీటలు నొక్కే పాత ఫోన్ ఒకటి ఉంది. దాంతో ఫంక్షన్ హాల్లో ఉన్న పెళ్ళికూతురి తల్లికి చేయించాను. అటు వైపు బ్యాండు, ఇటు వైపు నేను.

"ఎవరూ? టీవీ ఆయననా? గా డబ్బా నేనే పెట్టిన. పొద్దంత నడుస్తనే ఉంటది కదా, గా కిరణాలు పసిపిల్లకు తగుల్తయని పెట్టిన."

"అమ్మా, బీరువల పెడితే బొమ్మ వస్తలేదు."

"ఎందుకు రాదు? నేను బంద్ చేయలే. తలుపు పెట్టిన, అంతే. లోపల లైట్లు వెలుగుతనే ఉన్నయ్, చూసే తాళం వేసిన."

ఈ మాటకు ఏ ట్రైనింగ్‌లోనూ జవాబు చెప్పలేదు. ఇనుములోంచి సిగ్నల్ బయటికి రాదని విడమరచి చెప్పబోయాను.

"మంచిదే కదా, గందుకే పెట్టిన," అన్నదామె.

"చావి ఎవరితోనన్నా పంపుండ్రి. లేకుంటే మా భాయ్ వస్తడు, ఇయ్యుండ్రి."

"బీరువ చావి పరాయోని చేతుల పెడ్తనా? పెట్టుపోతల చీరలు, ఎండి సామాను, అన్నీ దాంట్లనే ఉన్నయ్. ఇంట్లోల్లు ఎవరూ ఖాళీ లేరు. నన్ను రమ్మంటవా? కన్యాదానం నువ్వు చేస్తవా?"

పెట్టేసింది. గదిలోకి వచ్చి బాలింతకు చెప్పాను. అక్షింతల పళ్ళెం తీసి పక్కన బల్ల మీద పెట్టింది, అంతే. ఏడ్చినా బాగుండేది. నేనైతే ఆ క్షణంలో పెళ్ళికూతురి తల్లి మీద, భాయ్ మీద, సూపర్‌వైజర్ మీద, చివరికి ఇనుము కనిపెట్టినవాడి మీద కూడా మండిపడ్డాను.

ఊరికే ఉండలేక మళ్ళీ లిస్టు తెరిచాను. మధురానగర్ గాలిలో మనుషుల కంటే వైఫైలు ఎక్కువ, అన్నీ హాస్టళ్ళవే. ఒకదాని పేరు 'అడిగితే చెప్పను', ఇంకొకటి 'చదువుకోపో'. అన్నిటికంటే పైన, నిండుగా సిగ్నల్ ఉన్నది పక్కింటి లేడీస్ హాస్టల్‌ది.

"గది అడుగుదమా?" అన్నాను.

మేనత్త ముఖం మాడిపోయింది. అసలు కథ అప్పుడు చెప్పింది. సందు ఇవతల ఈ గది కిటికీ, అవతల హాస్టల్ వంటగది ఫ్యాను. వాళ్ళు తాళింపు పెడితే ఎండుమిరపకాయల ఘాటు నేరుగా పొత్తిళ్ళ మీదికి వస్తుంది. నిన్న పసిపిల్ల తుమ్మింది. దాంతో తానూ, బాలింత తల్లీ, వదినామరదళ్ళిద్దరూ కిటికీలోంచి హాస్టల్ నడిపే ఆవిడను నోటికొచ్చినట్టు కడిగేశారు.

అయినా వెళ్ళాను. హాస్టల్ ఆవిడ కోస్తా వైపు నుంచి వచ్చి ఎన్నో ఏళ్ళయింది. నేను వంటగది గుమ్మంలో నిలబడి "పక్కింటి నుంచి వచ్చానండీ" అన్నానో లేదో గరిటె పైకి లేచింది.

"ఏంటండీ, మళ్ళీ పోపు గురించేనా? ఇంతమంది ఆడపిల్లలకి నేను వండాలా వద్దా? తాళింపు లేకుండా పప్పు ఎవరు తింటారండీ? నా పప్పుకి వాళ్ళ పిల్ల తుమ్మిందంట! ఎన్నెన్ని మాటలన్నారో తెలుసా మీకు?"

మొత్తం విని, అప్పుడు పెళ్ళి సంగతి, బీరువా సంగతి చెప్పాను. బీరువా దగ్గరకు వచ్చేసరికి ఆవిడకు నవ్వు ఆగలేదు. నవ్వు అయ్యాక మళ్ళీ ముఖం బిగించింది.

"ఇస్తానండీ. కానీ నన్ను అన్న నోరు ఒకటి అడగాలి. మీరు కాదు."

సందుకు అటుగా చూశాను. మేనత్త కిటికీ దగ్గరే ఉంది, అంతా వింటోంది, కానీ పెదవి కదపడం లేదు. అంతలో ఆమె వెనక బాలింత మంచం పట్టుకుని మెల్లగా లేచి, కిటికీ ఊచలు పట్టుకుంది.

"ఆంటీ, మా చెల్లె లగ్గం ఆంటీ. ఒక్కసారి చూస్త."

"అయ్యో, నువ్వెందుకు లేచినవ్ బిడ్డా!" అని మేనత్త ఆమెను వెనక్కు పట్టుకుని, ఇటు తిరిగి, ఎంత కష్టపడిందో గాని రోషం మింగింది. "వదినా, మేం అన్నది తప్పే. జర ఇయ్యి వదినా."

వదినా అనేసరికి హాస్టల్ ఆవిడ పొయ్యి కట్టేసింది. నా చెవి దగ్గరికి వచ్చి పాస్‌వర్డ్ చెప్పింది. ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు పెట్టించుకుంది. ఆ ఒట్టు ఇప్పటికీ ఉంది, మీరు అడిగినా చెప్పను.

పరుగెత్తుకుంటూ వచ్చి కొట్టాను. కలిసింది! పందిరి వచ్చింది, పంతులు వచ్చాడు, పంతులు నోరు తెరిచాడు, అలాగే తెరిచి ఉండిపోయాడు. ఆదివారం కదా, హాస్టల్లో ప్రతి అమ్మాయి చేతిలో ఒక సినిమా నడుస్తోంది, మాకు వచ్చేది అడుగు బొడుగు. కిటికీలోంచి "ఆగిపోతోందండీ" అని అరిచాను. ఆవిడ ఒక పళ్ళెం, గరిటె పట్టుకుని మెట్ల మొదట్లో నిలబడి అన్నం గంట కొట్టినట్టు కొట్టింది.

"అందరూ ఫోన్లు ఆపండి! పెళ్ళయ్యే దాకా ఎవరైనా నెట్ వాడారో, రేపు పొద్దున టిఫిన్ లేదు!"

ఎవరి పెళ్ళి, ఏం పెళ్ళి అనుకుంటూ అమ్మాయిలంతా బాల్కనీల్లోకి వచ్చారు. కిటికీలోంచి మా టీవీ కనబడింది. ఇంక ఎవరూ కదల్లేదు. మేనత్త మాత్రం ఇంతమంది కళ్ళు పడితే పసిపిల్లకు దిష్టి తగులుతుందని పొత్తిళ్ళకు అడ్డంగా చీర కట్టేసింది. అంతలో తెర మీద పంతులు నోరు మూసి మళ్ళీ మంత్రం అందుకున్నాడు.

అప్పుడే మేనత్త పాత ఫోన్ మోగింది. అటు వైపు వీళ్ళ తమ్ముడు. మేనత్త స్పీకర్ పెట్టింది. ఫోన్‌లో గట్టిమేళం, జనం అరుపులు, "అక్షింతలు వేయండి" అని పంతులు గొంతు. టీవీలో చూస్తే పెళ్ళికూతురికీ పెళ్ళికొడుక్కీ మధ్య అడ్డుతెర అలాగే ఉంది.

బాలింత నా వైపు చూసింది. ముఖం తెల్లబోయింది. "అయిపోయిందా అన్నా? నాకు రాలేదా?"

"రాలేదు చెల్లె, వస్తది. లైవ్ జర ఎనక నడుస్తది. టీవీకి ఇంకా రావాలె."

చెప్పాను గాని నాకూ ధీమా లేదు. ఈ చక్రం ఇప్పుడు తిరగడం మొదలుపెడితే ఈ పిల్లకు ఏం ముఖం చూపించాలి? అంతలో ఫోన్‌లో మేళాన్ని దాటి ఒక సన్నని గొంతు వచ్చింది. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురే. తమ్ముడు ఫోన్ ఆమె చెవికి పెట్టినట్టున్నాడు.

"అక్కా, చూసినవా?"

టీవీలో ఇంకా అడ్డుతెరే. అక్క ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"చూసిన చెల్లె. మస్తున్నవ్. నువ్వు ఏడ్వకు, కాటుక కారుతది. ముందర చూడు."

ఫోన్ ఆగిపోయింది. బాల్కనీల్లో అమ్మాయిలు కిటికీ వైపు ఇంకా ముందుకు వంగారు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు. భాయ్ కుట్టు మిషను పక్కన నిలబడి టీవీకి చేతులు జోడించాడు, ఆయన ఎవరికి మొక్కాడో నాకు తెలియదు.

టీవీలో మేళం మోగింది. అడ్డుతెర దిగింది. జీలకర్ర బెల్లం తల మీద పెట్టించుకుని, బుగ్గ మీద నల్లగా కాటుక కారి, చెల్లెలు కనిపించింది. సందు అవతల అమ్మాయిలు కేకలు పెట్టారు. మేనత్త పళ్ళెం అందించింది, బాలింత రెండు చేతులా అక్షింతలు తీసి టీవీ మీదికి విసిరింది. తెర మీద ఒక చెయ్యి ఫోన్‌ను పెళ్ళికూతురి చెవికి ఆనించింది. ఆ పిల్ల పెళ్ళికొడుకును వదిలి, నేరుగా కెమెరా వైపు చూసింది.

"అక్కా, చూసినవా?" అని టీవీ అడిగింది.

"ఇప్పుడు చూసిన," అన్నది అక్క.